చిన్న నగరంలో రెండు రోజులు: వారాంతపు ట్రిప్ ప్లాన్ చేసుకునే పద్ధతి

సముద్రతీరానికి వెళ్లేవాళ్లకి పెద్దగా ప్లాన్ అక్కర్లేదు. ఇసుకలో కూర్చున్నా రోజు గడిచిపోతుంది. తీరానికి దూరంగా, లోపలెక్కడో ఉండే చిన్న నగరంలో అలా కుదరదు. అక్కడ చూడాల్సింది ఊరినే: పాత వీధులు, ఒక కోటో గుడో చర్చో, వారానికోసారి జరిగే సంత, ఏటిగట్టు, సాయంత్రం జనం చేరే కూడలి. ఇవేవీ రోజంతా ఒకేలా ఉండవు. ఉదయం ఎనిమిదింటికి కిటకిటలాడిన సంత పన్నెండింటికల్లా ఊడ్చేసి ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి చచ్చుబడినట్టున్న వీధి రాత్రి ఏడింటికి నడవడానికి చోటు లేకుండా నిండిపోతుంది.

అందుకే చూడాల్సిన చోట్ల జాబితా రాసుకునే ముందు ఊరి వేళలు తెలుసుకోవాలి. ఏ తలుపు ఎప్పుడు తెరుస్తారు, ఏ వీధిలో ఎప్పుడు సందడి ఉంటుంది, చివరి బండి ఎన్నింటికి అన్నవి చేతిలో ఉంటే మిగతా ప్లాన్ దానంతటదే కుదురుకుంటుంది. కింది అంచెలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

1. ముందు గంటలు లెక్కేయండి

శుక్రవారం సాయంత్రం 6కి బయల్దేరి ఆదివారం రాత్రి 8కి ఇల్లు చేరతారనుకుందాం. మొత్తం 50 గంటలు. రెండు రాత్రుల నిద్రకి 16 తీసేయండి. రానూపోనూ మూడేసి గంటలు వేసుకుంటే మరో 6. స్నానాలు, భోజనాలు, గది తీసుకోవడం, ఖాళీ చేయడం కలిపి ఎంత తక్కువ చూసుకున్నా 8. మిగిలింది 20 గంటలు. అందులోనూ రాత్రిపూట ఉన్నవి తీసేస్తే, వెలుగు ఉండి తలుపులు తెరిచి ఉండే సమయం పన్నెండు పదమూడు గంటలకి మించదు.

ఈ లెక్క కాగితం మీద పెట్టి చూసుకుంటే రెండు సంగతులు తేలతాయి. ఒకటి, రెండు రోజుల్లో పది చోట్లు చూడడం జరిగే పని కాదు. రెండోది, ప్రయాణం ఎంత దూరమైనా పర్వాలేదు అనుకోవడానికి వీల్లేదు. మీ ఇంటి గడప నుంచి బస గడప దాకా ఒకవైపు మూడున్నర గంటలు దాటితే వేరే ఊరు చూసుకోవడం మంచిది. విమానం గంటసేపే అంటారు గానీ, విమానాశ్రయానికి వెళ్లడం, తనిఖీ, దిగాక మళ్లీ ఊళ్లోకి రావడం కలిపితే అది నాలుగైదు గంటలవుతుంది. రెండు గంటల రైలే దానికంటే నయం.

2. ఊరిని మ్యాప్‌లో చదవండి

లోతట్టు నగరాలు చాలావరకు ఏరు దాటడానికి వీలున్న చోటో, రెండు దారులు కలిసే చోటో, కాపలాకి అనువైన గుట్ట మీదో పుట్టినవి. ఆ పుట్టుక ఇప్పటికీ మ్యాప్‌లో కనిపిస్తుంది. స్పెయిన్‌లోని టొలేడోని టేగస్ నది మూడువైపులా చుట్టి ఉంటుంది. లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్ మెకాంగ్, నామ్ ఖాన్ నదులు కలిసే కొసలో ఉంది. జర్మనీలోని పస్సావ్ దగ్గర డాన్యూబ్, ఇన్, ఇల్జ్ అని మూడు నదులు కలుస్తాయి. ఇలా నీళ్ల మధ్యో కొండ మీదో ఇరుక్కుని పెరిగిన ఊళ్లలో పాత నగరం చిన్నగా, దగ్గరదగ్గరగా ఉంటుంది. వారాంతానికి కావాల్సింది అదే.

మ్యాప్ తెరిచి పాత నగరం ఈ చివర నుంచి ఆ చివరికి ఎంత దూరమో కొలవండి. కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్ల లోపుంటే కాళ్ల మీదే తిరగొచ్చు. మామూలుగా మనిషి గంటకి నాలుగైదు కిలోమీటర్లు నడుస్తాడు. ఆగుతూ, చూస్తూ, ఫొటోలు తీసుకుంటూ నడిస్తే అందులో సగమే. చూడాల్సినవి ఆరేడు కిలోమీటర్ల మేర చెల్లాచెదురుగా ఉంటే సగం రోజు ఆటోల్లో, బస్సుల్లో పోతుంది.

తర్వాత మూడు వెతకండి: చూడడానికి ఒక పెద్ద విశేషం, ఊరికే కూర్చోవడానికి ఒక మంచి చోటు, స్థానికులు తమ పనుల మీద తిరిగే ఒక వీధి. మూడూ ఉంటే ఆ ఊరు రెండు రోజులకి సరిపోతుంది. పెద్ద విశేషం ఎంత గొప్పదైనా మిగతా రెండూ లేకపోతే అక్కడికి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయడమే మేలు. ఈ మూడింటిలో చాలామంది వదిలేసేది కూర్చునే చోటు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం అదే. పార్కు, చెరువుగట్టు, మెట్లు, కూడలిలో నీడపట్టు, ఏదైనా సరే, డబ్బులు అడగకుండా గంటసేపు కూర్చోనిచ్చే చోటు ఉందో లేదో చూడండి.

ఎత్తు కూడా చూసుకోండి. లోతట్టు ఊళ్లు కొన్ని బాగా ఎత్తున ఉంటాయి. ప్రతి వెయ్యి మీటర్లకి ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. 2,500 మీటర్లు దాటితే కొందరికి తలనొప్పి, వికారం, ఆయాసం మొదలవుతాయి, శరీరం అలవాటు పడడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది. పెరూలోని కుస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. అలాంటి ఊరికి కింద నుంచి నేరుగా రెండు రోజుల కోసం వెళ్తే, ఒళ్లు కుదుటపడేసరికి తిరుగు ప్రయాణం వచ్చేస్తుంది.

3. తేదీ ఖాయం చేసేముందు

నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లారుతుంది. సముద్రం దూరమైన కొద్దీ పగటికీ రాత్రికీ, ఎండాకాలానికీ చలికాలానికీ తేడా పెరుగుతుంది. కాబట్టి వాతావరణం చూసేటప్పుడు సగటు ఒక్కటే చూడకండి. పగలు అత్యధికం, రాత్రి అత్యల్పం విడివిడిగా చూడండి. స్పెయిన్‌లోని కోర్డొబాలో జులై, ఆగస్టుల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. అక్కడే ఏప్రిల్‌లో హాయిగా తిరగొచ్చు. పగలు 24, రాత్రి 9 అని కనిపిస్తే బ్యాగులో ఒక స్వెట్టర్ పడాల్సిందే.

ఆ తేదీల్లో ఊళ్లో ఉత్సవం ఏమైనా ఉందేమో వెతకండి. చిన్న ఊళ్లో గదులు తక్కువ, పండగొస్తే అన్నీ నెలల ముందే నిండిపోతాయి. ఇటలీలోని సియెనాలో పాలియో గుర్రప్పందేలు జులై 2న, ఆగస్టు 16న జరుగుతాయి. జపాన్‌లోని తకయామా ఉత్సవాలు ఏప్రిల్ 14, 15 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 9, 10 తేదీల్లో. ఉత్సవం కోసమే వెళ్తే అదొక ప్లాన్, ప్రశాంతంగా ఊరు చూడాలంటే అది వేరే ప్లాన్. రెండూ ఒకే ప్రయాణంలో ఇమడవు. మంచి అవకాశాలూ ఉంటాయి: 1984లో ఫ్రాన్సులో మొదలై యూరప్ అంతా పాకిన వారసత్వ దినాల్లో, ఎక్కువగా సెప్టెంబరులో, మామూలుగా ఎవర్నీ రానివ్వని భవనాలు కూడా జనం కోసం తెరుస్తారు.

మీ వారాంతం, వాళ్ల వారాంతం ఒకటేనా అన్నది మరో ప్రశ్న. సౌదీ అరేబియా 2013లో సెలవుల్ని గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకి మార్చుకుంది. యూఏఈ 2022 జనవరి నుంచి శని, ఆదివారాలకి మారింది. జర్మనీలో ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. స్పెయిన్, ఇటలీ చిన్న నగరాల్లో మధ్యాహ్నం కట్టేసి సాయంత్రం మళ్లీ తెరవడం మామూలు.

ఎవరికీ గుర్తుకురానిది ఒకటుంది. ఐరోపా సమాఖ్య దేశాల్లో గడియారాలు మార్చేది మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. అమెరికాలో చాలాచోట్ల మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. మార్చిలో ఆ రాత్రి గంట నిద్ర పోతుంది. అక్టోబరులో, నవంబరులో సూర్యాస్తమయం ఒక్కసారిగా గంట ముందుకొచ్చేస్తుంది. సరిగ్గా వారాంతంలోనే ఇది జరుగుతుంది కాబట్టి చూసుకోవాలి.

4. తిరుగు టికెట్ ముందు, వెళ్లే టికెట్ తర్వాత

చిన్న ఊళ్లకి బళ్లు తక్కువ, ఆదివారం ఇంకా తక్కువ. టైమ్‌టేబుల్‌లో ఆదివారానికి వేరే వరస ఉంటుంది, దాన్నే చూడండి. చివరి బండి ఏదో తెలుసుకుని, దానికి ముందున్న బండికి టికెట్ తీసుకోండి. అది తప్పిపోతే చివరిది ఉంటుంది. చివరిదానికే తీసుకుంటే ఇక దారి ఉండదు, సోమవారం పొద్దున ఆఫీసుకి ఫోన్ చేయాల్సిందే.

స్టేషన్ పేరులో ఊరి పేరు ఉన్నంత మాత్రాన అది ఊళ్లో ఉన్నట్టు కాదు. స్పెయిన్‌లోని సెగోవియాకి హైస్పీడ్ రైలు ఆగే గియోమార్ స్టేషన్ నగరానికి కొన్ని కిలోమీటర్ల బయట ఉంది, అక్కణ్ణుంచి బస్సు పట్టుకోవాలి. ఇటలీలోని ఓర్వియెటోలో స్టేషన్ కింద, ఊరు కొండ మీద. తాళ్లతో లాగే కొండరైలు ఎక్కి పైకి వెళ్లాలి. రాత్రి దిగేవాళ్లు ఆ చివరి ముక్క ప్రయాణం ఎన్ని గంటలదాకా నడుస్తుందో తప్పకుండా చూసుకోవాలి.

కారులో వెళ్తే పార్కింగ్ ఎక్కడో ముందే తేల్చుకోండి. ఇటలీలో చాలా ఊళ్ల పాత భాగాల్లోకి బయటి బళ్లు రాకూడదు. జెడ్‌టీఎల్ అని బోర్డు ఉంటుంది, కెమెరా నంబరు చదివేస్తుంది, జరిమానా తర్వాత ఇంటికొస్తుంది. ఊరి అంచున బండి పెట్టి, రెండు రోజులు దాన్ని మరిచిపోవడం హాయి.

5. బస

స్టేషన్ పక్కన దిగాలా, ఊరి మధ్యలో దిగాలా అంటే, వారాంతానికి ఊరి మధ్యలోనే. మధ్యాహ్నం గదికి వచ్చి గంట నడుం వాల్చే వీలు దొరుకుతుంది, రాత్రి భోజనమయ్యాక బండి కోసం వెతుక్కోనక్కర్లేదు. కాకపోతే సరిగ్గా కూడలి మీదకి తెరుచుకునే గది వద్దు. శనివారం రాత్రి ఒంటిగంట దాకా నిద్ర పట్టదు. రెండు మూడు వీధుల అవతల చాలు.

చిన్న హోటళ్లలో రిసెప్షన్ రాత్రంతా ఉండదు. బుక్ చేసిన రోజే ఇలాంటి మెసేజ్ ఒకటి పంపండి:

“నమస్కారం. శుక్రవారం రాత్రి 10:30 ప్రాంతంలో వస్తాం. అప్పటికి రిసెప్షన్‌లో ఎవరైనా ఉంటారా, లేకపోతే తాళం ఎలా తీసుకోవాలి? వీధివైపు కాకుండా లోపలివైపు గది ఇవ్వగలరా? గది ఎన్నో అంతస్తులో ఉంటుంది, లిఫ్ట్ ఉందా? ఆదివారం గది ఖాళీ చేశాక సాయంత్రం 4 దాకా రెండు బ్యాగులు మీ దగ్గర పెట్టుకోవచ్చా?”

అన్నిటికంటే చివరి ప్రశ్న ముఖ్యం. బ్యాగులు పెట్టుకోనివ్వకపోతే ఆదివారమంతా వాటిని మోస్తూ తిరగాలి. అది కుదరదన్న చోటు ఎంత చవకైనా నేనైతే తీసుకోను.

6. వేళల కాగితం

అసలు పని ఇది. తెల్లకాగితం మీద నిలువుగా ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా గంటలు రాయండి. అడ్డంగా శని, ఆది అని రెండు గడులు. అందులో మీరు చూడాలనుకున్నవి ఇప్పుడే రాయొద్దు. ముందు ఊరు తన ఇష్టప్రకారం చేసేవన్నీ రాయండి.

మొదట సూర్యోదయం, సూర్యాస్తమయం. తర్వాత పెద్ద విశేషం తెరిచే వేళ, మూసే వేళ, దాంతోపాటు చివరి ప్రవేశం ఎన్నింటికో. మూసే సమయానికి అరగంట నుంచి గంట ముందే లోపలికి పంపడం ఆపేస్తారు, చాలామంది గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేది ఇక్కడే. తర్వాత మధ్యాహ్నపు విరామం, సంత జరిగే రోజు, వేళ. ప్రార్థనలు, పూజలు జరిగే సమయాలు కూడా వేసుకోండి, ఆ సమయంలో చూసేవాళ్లని లోపలికి రానివ్వకపోవచ్చు. రాత్రి వంటిళ్లు ఎన్నింటికి కట్టేస్తారో, చివరి బండి ఎప్పుడో రాస్తే కాగితం సిద్ధం.

ఈ వేళలు ఎక్కడ దొరుకుతాయి? మొదట ఆ చోటి సొంత వెబ్‌సైట్. చాలాచోట్ల ఎండాకాలానికీ చలికాలానికీ వేర్వేరు వేళలుంటాయి. మీరు వెళ్లేది మారే నెలల్లో అయితే ఏ వేళలు ఏ తేదీ నుంచో చూడండి. మ్యాప్‌లో కనిపించే వేళల్ని గుడ్డిగా నమ్మొద్దు, ఎవరో ఎప్పుడో పెట్టి వదిలేసి ఉంటారు. అదే మ్యాప్‌లో సందర్శకులు పెట్టిన ఫొటోల్లోకి వెళ్లి, గేటు దగ్గర వేళల బోర్డు ఫొటో కోసం వెతకండి, అది ఏ నెలలో తీసిందో చూడండి. అనుమానం తీరకపోతే ఫోన్ చేసి “ఈ శనివారం తెరిచే ఉంటుందా, ఏదైనా భాగం మరమ్మతుల్లో ఉందా” అని అడగండి. రెండు నిమిషాల పని.

ఎండ ఎటువైపు నుంచి పడుతుందో కూడా ఈ కాగితం మీదే వేసుకోవచ్చు. పాత చర్చిల్లో చాలావాటికి బలిపీఠం తూర్పున, ముఖద్వారం పడమరన ఉంటాయి. అందుకే ముందుభాగం చెక్కడాల మీద సాయంత్రం ఎండ పడుతుంది, పొద్దున్నే వెళ్తే అవి నీడలో ఉంటాయి. హిందూ దేవాలయాలు ఎక్కువగా తూర్పుముఖంగా ఉంటాయి కాబట్టి వాటికి పొద్దుటి వెలుగు బాగుంటుంది. ఒకే కట్టడం తగిన వేళకి వెళ్తే రాతిలో గీత గీత కనిపిస్తుంది, తప్పు వేళలో వెళ్తే నల్లటి గోడలా ఉంటుంది.

7. కాగితంలోకి మీ ప్లాన్ దించండి

వారాంతంలో మూడు మంచి పూటలుంటాయి: శనివారం ఉదయం, శనివారం సాయంత్రం, ఆదివారం ఉదయం. పూటకి ఒక పెద్ద పని. అంతే. దీనికి మించి పెట్టుకుంటే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది.

ఉదాహరణకి ఒక ఊళ్లో కోట 9 నుంచి 5 దాకా, చివరి ప్రవేశం 4:15కి. మ్యూజియం 10 నుంచి 1, మళ్లీ 3 నుంచి 6. సంత శనివారం 7 నుంచి 12. సూర్యాస్తమయం 6:20. తిరుగు రైలు ఆదివారం సాయంత్రం 5:40కి. అనుకోండి, ఇవీ వేళలు.

శనివారం 7:30కి సంతలో ఉండాలి. అప్పటికి అన్నీ పరిచి ఉంటాయి, తోపులాట ఇంకా మొదలై ఉండదు. 8:50కి కోట గేటు దగ్గర. బస్సుల్లో గుంపులుగా వచ్చేవాళ్లు సాధారణంగా పదిన్నర దాటాకే చేరతారు, అప్పటికి మీరు పై బురుజుల దాకా చూసేసి ఉంటారు. 11:30కి బయటికి. 12:30కి భోజనం, ఆ తర్వాత 3 దాకా గదిలో విశ్రాంతి. ఈ రెండు గంటలు వృథా అనుకోకండి. సాయంత్రం కాళ్లు కదలాలంటే ఇవి కావాలి, ఎలాగూ ఊరు కూడా అప్పుడు తలుపులేసుకునే ఉంటుంది. 3:15కి మ్యూజియం, 4:45కి బయటికి, నెమ్మదిగా ఏటిగట్టుకో గుట్ట మీదికో నడక. 6:20 దాటాక వెంటనే దిగిపోకండి, దీపాలు వెలిగి ఆకాశం ఇంకా నీలంగా ఉండే ఇరవై నిమిషాలూ ఉండండి. 7:30కి రాత్రి భోజనం.

ఆదివారం 7కే వీధుల్లోకి వెళ్లండి. ఖాళీ వీధులు, వాలుగా పడే వెలుగు, మూసిన తలుపుల మీద పనితనం, అన్నీ మీవే. 9:30కి గది ఖాళీ చేసి బ్యాగులు అక్కడే పెట్టేయండి. 10 నుంచి 12 దాకా రెండో చిన్న విశేషం. భోజనం అయ్యాక 2 నుంచి 4 దాకా ఏమీ రాయకండి. నిన్న దాటిపోతూ చూసిన సందు, మళ్లీ వెళ్లాలనిపించిన గట్టు, వీటికోసం ఆ రెండు గంటలు. 4:30కి బ్యాగులు తీసుకుని 5:10కల్లా ప్లాట్‌ఫారం మీద ఉంటే తొందరుండదు.

కోటని శనివారం ఉదయానికే ఎందుకు పెట్టాలి? వానొచ్చినా, అనుకోకుండా మూసేసినా ఆదివారం ఉదయం ఇంకా చేతిలో ఉంటుంది. వదులుకోలేనిదాన్ని ఎప్పుడూ మొదటి పూటకే పెట్టండి.

“అక్కడికి అరవై కిలోమీటర్లలోనే ఇంకో జలపాతం ఉందట, అదీ చూసొద్దాం” అని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. రానూపోనూ మూడు గంటలు, అక్కడ గంటన్నర. మూడు పూటల్లో ఒకటి పూర్తిగా పోతుంది, వచ్చిన ఊరు సగం చూసినట్టు మిగిలిపోతుంది. జలపాతానికి ఇంకో వారాంతం పెట్టుకోండి.

8. భోజనం, బ్యాగు, ఫోను

శనివారం రాత్రి భోజనానికి టేబుల్ ముందే చెప్పి ఉంచండి, స్థానికులు బయట తినేది కూడా ఆ రాత్రే. ఆదివారం ఎన్ని చోట్లు తెరుస్తారో ముందే కనుక్కోండి. శుక్రవారం రాత్రి ఆలస్యంగా చేరేవాళ్లు ఏదో ఒకటి వెంట తెచ్చుకోవడం క్షేమం.

బ్యాగు ఒకటే, భుజానికి వేసుకునేది. రాళ్లు పరిచిన వీధుల్లో చక్రాల పెట్టె లాగడం నరకం. అలవాటైన చెప్పులు, మందులు, గుర్తింపు కార్డు, కొంత చిల్లర. ఊరి మ్యాప్ ఫోన్‌లోకి ముందే దించుకోండి, సన్నటి సందుల్లో, రాతిగోడల మధ్య సిగ్నల్ సరిగా ఉండదు.

9. వెంట పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే

ఎంత దూరం అన్నదానికంటే ఎంత ఎత్తు ఎక్కాలన్నది ముఖ్యం. మ్యాప్ మీద 600 మీటర్లే కనిపించినా అందులో 150 మెట్లుంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అది పెద్ద ప్రయాణం. వీధి చిత్రాలు చూపించే మ్యాప్‌లో బస నుంచి పెద్ద విశేషం దాకా ఒక్కసారి అడుగడుగునా ‘నడిచి’ చూడండి. మెట్లు, ఎగుడుదిగుడు రాళ్లు, కూర్చోవడానికి అరుగులు, అన్నీ కనిపిస్తాయి. పిల్లలతో వెళ్తే ఉదయం పని ముందే ముగించి, సాయంత్రం వాళ్లు పరిగెత్తే మైదానానికి వదిలేయండి. మరుగుదొడ్లు ఎక్కడున్నాయో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. చిన్న ఊళ్లలో అవి తక్కువ, కొన్ని సాయంత్రం కట్టేస్తారు.

వాన పడితే మూడు పూటల వరస మార్చుకోండి చాలు, కొత్త ప్లాన్ అక్కర్లేదు. మ్యూజియం ఉదయానికి, కోట తెరిపిచ్చిన పూటకి.

10. ఒక రోజు సెలవు దొరికితే

శుక్రవారం పెట్టండి. సోమవారం వద్దు. మ్యూజియాలు చాలాచోట్ల సోమవారం మూసి ఉంటాయి, ఫ్రాన్సులో కొన్ని మంగళవారం. వారాంతపు రద్దీ తట్టుకున్న హోటళ్లు, భోజనశాలలు కూడా సోమవారం సెలవు తీసుకుంటాయి. శుక్రవారం అలా కాదు. అన్నీ తెరిచే ఉంటాయి, బయటి జనం ఇంకా రాలేదు, గుమాస్తాలు, బడిపిల్లలు, కూరగాయల బండ్లతో ఊరు తన మామూలు పనిలో ఉంటుంది. పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి చేరితే వేళల కాగితానికి నాలుగో పూట కలుస్తుంది. కోటనో మ్యూజియాన్నో దానికి జరపండి, శనివారం సాయంత్రం ఖాళీగా ఉంచుకోండి.